పీఆర్పీకి ముందు ఆ మాత్ర ఎందుకు ఆపమంటారు?

మా గడ్డపోతారం మందుల కంపెనీల ఊరు కదా, ఈరోజు మందు మాత్ర హిస్టరీనే చెప్తా.

పీఆర్పీ అంటే మన రక్తాన్నే మెషీన్‌లో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని తలకో, ముఖానికో సూదితో ఎక్కించడం. రక్తం గడ్డకట్టడంలో ప్లేట్‌లెట్ల పాత్రని 1882లో ఇటలీ డాక్టర్ బిజ్జోజెరో చూపించాడు. ఆస్పిరిన్ ఒంట్లో ఏం ఆపుతుందో 1971లో జాన్ వేన్ తేల్చాడు. 1998లో రాబర్ట్ మార్క్స్ బృందం దవడ ఎముక సర్జరీల్లో పీఆర్పీ వాడింది. బ్యూటీ క్లినిక్‌ల వంతు ఆ తర్వాతే.

ఇప్పుడు లింక్ చూడండి. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ మళ్లీ కోలుకోదు. దాని ఆయుష్షే 7 నుంచి 10 రోజులు. అందుకే వారం ముందు నుంచి వద్దంటారు. తర్వాత వాపు వచ్చినా ఐబుప్రోఫెన్ మింగొద్దు, డాక్టర్‌ని అడగండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపొద్దు. జుట్టు కన్నా గుండె ముఖ్యం బ్రో!