హాజరు పుస్తకంలో లేని గాలి

మన ఎరుకల పెద్దల చరిత్ర అనగానే పోలీసు హాజరు గుర్తొస్తుంది. వాళ్లు పీల్చిన గాలి గురించి ఎవరూ రాయలేదు.

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఆ చట్టం కింద బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఉంచారు. వారిలో అనేకులు చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు ఫ్యాక్టరీలో కూలీలయ్యారు. ఎండిన ఆకు విప్పి, ఈనె తీసేచోట ధూళి లేవకుండా ఉండదు. దగ్గొచ్చినా పని మాని వేరే ఊరు పోదామంటే అనుమతి కావాలి.

1952లో ఆ చట్టం పోయింది. దుమ్ము పని పోలేదు. ఈనాటికీ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరప తొడిమలు తీసే, తాలు కాయలు ఏరే ఆడవాళ్లు ముక్కుకు కొంగు చుట్టుకుని తుమ్ముతూనే పని చేస్తారు.

పనిచోట ధూళిని పుట్టినచోటే తొలగించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. కానీ అది కరెంటు వాడేచోట 10 మంది, లేనిచోట 20 మంది పనివాళ్లుంటేనే వర్తించింది. మిరప కల్లం దాని లెక్కలోకి రాలేదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గుంటూరు ఉంది, కానీ అది నగరాల కోసం పెట్టింది.

ఉపాధ్యాయులారా, పిల్లలను వాళ్ల నాయనమ్మల దగ్గరికి పంపండి. ఏ కంపెనీలో, ఏ కల్లంలో ఎన్నేళ్లు పనిచేశారో, దగ్గు ఎప్పుడు మొదలైందో రాయించండి. ఆ రాత చేతిలో ఉంటేనే మాస్కులు, గాలాడే షెడ్లు, వైద్య పరీక్షలు గట్టిగా అడగగలం. ఆనాడు మన పేర్లు వాళ్లు రాసుకున్నారు. మన దగ్గును మనమే రాసుకోవాలి.