కుంగుబాటు మందుల పరీక్షలు: రోగి స్థానం మారిన క్రమం

కుంగుబాటుకు తొలి మందులు ఆ జబ్బు కోసం వెతికితే దొరికినవి కావు. 1950ల మొదట్లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ ఇచ్చినప్పుడు వారిలో ఉత్సాహం, ఆకలి పెరిగాయి. 1957లో నేథన్ క్లైన్ బృందం దాన్ని కుంగుబాటు రోగులకు ఇచ్చి చూసింది. స్విట్జర్లాండ్‌లోని మున్‌స్టర్లింగెన్ మానసిక ఆసుపత్రిలో గైగీ కంపెనీ పంపిన జీ 22355 అనే పదార్థాన్ని రోలాండ్ కూన్ మొదట స్కిజోఫ్రెనియా రోగులకు ఇచ్చారు. వారికి మేలు కలగలేదు. 1956లో కుంగుబాటుతో ఉన్నవారికి ఇస్తే తేరుకున్నారు. ఇమిప్రమిన్ అనే మందు అలా పుట్టింది.

కూన్ దగ్గర కొలబద్ద లేదు, పోల్చి చూడడానికి ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) లేదు. రోగులను దగ్గరుండి గమనించడమే ఆయన పద్ధతి. పరిశోధనకు లోనయ్యే మనిషి ఇష్టపూర్వక సమ్మతి తప్పనిసరి అని నురెంబర్గ్ నియమావళి 1947లోనే చెప్పింది. అయినా ఆ ఆసుపత్రిలో దశాబ్దాల పాటు వెయ్యిమందికి పైగా రోగులపై ప్రయోగదశలోని మందులను పరీక్షించారనీ, చాలామందికి ఆ సంగతి చెప్పనే లేదనీ చరిత్రకారులు తర్వాత బయటపెట్టారు. లక్షలమందికి ఊరటనిచ్చిన మందు చరిత్రలో ఈ రోగులకూ చోటుండాలి.

1960లో మ్యాక్స్ హామిల్టన్ రూపొందించిన కొలమానం పరీక్షల స్వరూపాన్నే మార్చింది. అందులో 17 అంశాలుంటాయి. నిద్రకే మూడు: పడుకోగానే పట్టకపోవడం, మధ్యలో మెలకువ రావడం, తెల్లవారుజామునే లేచిపోవడం. లక్షణం తీవ్రతను బట్టి ఒక్కోదానికి గరిష్ఠంగా 2 మార్కులు. అంటే నిద్ర ఒక్కటి కుదుటపడినా మొత్తం మీద 6 మార్కుల వరకు తగ్గవచ్చు. మార్కులు వేసేది వైద్యుడే. రోగి తనకెలా ఉందో చెబుతాడు తప్ప అంకె వేసే అధికారం అతనికి లేదు.

మందు పనిచేస్తుందని రుజువు చేయాలనీ, రోగి సమ్మతి తీసుకోవాలనీ 1962లో అమెరికా చట్టం తెచ్చింది. 1965లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి సుమారు 250 మంది రోగులపై కరెంటు చికిత్స, ఇమిప్రమిన్, ఫెనెల్జిన్, ప్లాసిబోలను పోల్చింది. ఎవరికి ఏ చికిత్స అన్నది వైద్యుడి ఇష్టానికి వదలని ఈ పద్ధతే తర్వాతి పరీక్షలకు ఒరవడి అయింది.

అయితే ఆ పరీక్షల్లోకి ఎవరిని తీసుకున్నారన్నది మరో ప్రశ్న. ఆత్మహత్య ఆలోచనలున్నవారిని, మద్యం అలవాటున్నవారిని, ఇతర జబ్బులున్నవారిని చాలావాటిలో పక్కన పెట్టేవారు. ఆసుపత్రికి నిజంగా వచ్చేది ఎక్కువగా అలాంటివారే. ఈ లోటు తీర్చాలని 2001లో అమెరికాలో మొదలైన స్టార్-డి అధ్యయనం ప్లాసిబో లేకుండా 4,041 మందిని చేర్చుకుంది. మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది దాదాపు మూడోవంతు మందే.

పాల్గొన్నవారికి జరిగిన పెద్ద అన్యాయం 2008లో వెల్లడైంది. ఎరిక్ టర్నర్ బృందం 12 మందులకు సంబంధించిన 74 పరీక్షలను, 12,564 మంది రోగుల ఫలితాలను పరిశీలించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సానుకూలమని తేల్చిన 38 పరీక్షల్లో 37 అచ్చయ్యాయి. మిగిలిన 36లో 22 అచ్చు కాలేదు, 11 సానుకూలమైనవన్నట్టుగా అచ్చయ్యాయి, ఉన్నదున్నట్టు వచ్చినవి మూడే. రేపటి రోగులకు ఉపయోగపడుతుందన్న నమ్మకంతో వారాల తరబడి ప్లాసిబో మింగినవారి సహకారం బీరువాల పాలైంది. ఇలాంటి దాపరికాన్ని ఆపడానికే రోగులను చేర్చుకోకముందే పరీక్షను నమోదు చేయాలని వైద్య పత్రికల సంపాదకులు 2004లో షరతు పెట్టారు. భారత్‌లో 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి అయింది. ఎథిక్స్ కమిటీ అనుమతి, హాని జరిగితే పరిహారం 2019 నిబంధనల్లో ఉన్నాయి.

ఇటీవల పరీక్షలు మందులకే పరిమితం కావడం లేదు. గోవాలో వైద్యేతర కౌన్సెలర్లు ఇచ్చిన మాటల చికిత్సను విక్రమ్ పటేల్ బృందం 495 మందిలో పరీక్షించి 2017లో ప్రకటించింది. పశ్చిమ గోదావరి జిల్లాతో పాటు హర్యానాలోనూ జరిగిన స్మార్ట్ మెంటల్ హెల్త్ అధ్యయనంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్ కంప్యూటర్లతో ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగి, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి దగ్గరకు పంపారు. ఏడాది తర్వాత ఈ సేవ అందిన ఊళ్లలో కుంగుబాటు మార్కులు మిగతా ఊళ్ల కంటే తగ్గాయి. ఇక్కడ లక్షణాల తీవ్రతను కొలిచిన ప్రశ్నావళికి జవాబులు రోగులవే.