రైలుదారి నుంచి కాలిదారికి: గోదావరిపై హేవలాక్ వంతెన - చారిత్రక పరిశీలన

సంగ్రహం:
1900లో ప్రారంభమైన రాజమహేంద్రవరం హేవలాక్ వంతెనపై 1997లో రైళ్లు ఆగిపోయాయి. దీనిని పాదచారుల మార్గంగా మలచాలన్న ఆలోచనను చారిత్రక దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. వంతెన ఆకృతితో పాటు, ఒడ్డును ఒడ్డుతో కలిపే దాని ధర్మాన్నీ కాపాడవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హేవలాక్ వంతెన, గోదావరి, రైల్వే చరిత్ర, వారసత్వ కట్టడాలు, పునర్వినియోగం.

1. ప్రవేశిక:
కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్నకు ఉత్తరాన ఉన్నాయి. మద్రాసు-రాయచూరు మార్గంలోని ఎర్రగుంట్ల దక్షిణాన ఉంది. ఆ మార్గం 19వ శతాబ్దిలోనే వచ్చినా, ఈ రెండు పట్టణాల మీదుగా వెళ్లే ఎర్రగుంట్ల-నంద్యాల మార్గం 2016లో గాని పూర్తిగా వినియోగంలోకి రాలేదు. పులివెందులకు రైలు రానేలేదు. కనుక కాలం చెల్లిన రైలు వంతెనను ఏం చేయాలన్న ప్రశ్న ఈ ప్రాంతానికి కొత్త. అయితే 2024లో కేంద్రం ఆమోదించిన పర్యాటక ప్రాజెక్టుల్లో జమ్మలమడుగు సమీపంలోని గండికోటతో పాటు రూ. 94.44 కోట్ల 'అఖండ గోదావరి' కూడా ఉంది. హేవలాక్ వంతెన అభివృద్ధి అందులో భాగం. ఒకే పథకం కింద ఒక కోట, ఒక వంతెన చేరడం పోల్చి చూడదగిన విషయం.

2. నిర్మాణ నేపథ్యం:
మద్రాసు-కలకత్తా రైలుమార్గానికి గోదావరి పెద్ద అడ్డంకి. వంతెన లేని రోజుల్లో ప్రయాణికులు రైలు దిగి, నదిని పడవ మీద దాటి, ఆవలి ఒడ్డున మళ్లీ రైలెక్కేవారు. 1897లో పనులు మొదలై 1900లో ముగిశాయి. కాశీలో గంగపై డఫరిన్ వంతెన నిర్మాణాన్ని నిర్వహించిన ఇంజనీరు వాల్టన్ దీనికీ సారథ్యం వహించాడు. మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. రాతి స్తంభాలపై ఉక్కు గర్డర్లతో, ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు దీనికున్నాయి. 1974లో రోడ్డు-రైలు వంతెన, 1997లో ఆర్చి వంతెన వచ్చాక దీని అవసరం తీరింది.

3. పునర్వినియోగం - సాధ్యత:
ఇంజన్ల బరువును, అదురును తట్టుకొనేలా కట్టిన వంతెనకు పాదచారుల బరువు సాధారణంగా తక్కువే. అంతమాత్రాన పని సులువు కాదు. రైలు వంతెనకు నేల ఉండదు. స్లీపర్ల సందుల్లోంచి నీరు కనబడుతుంది. నడకకు గట్టి నేల, రెండు వైపులా కటకటాలు కావాలి. ఉక్కుకు పట్టిన తుప్పును, వరదల కోతకు గురయ్యే పునాదులను ముందుగా పరీక్షించాలి.

అమెరికాలోని పొకీప్సీ వద్ద హడ్సన్ నదిపై 1889 నాటి రైలు వంతెన 1974 అగ్నిప్రమాదంతో మూతపడి, 2009లో పాదచారుల మార్గంగా తెరుచుకుంది. అక్కడ నడిచేవారు ఒక ఒడ్డున బయలుదేరి మరో ఒడ్డుకు చేరుతారు. ఈ పోలికలో గ్రహించవలసింది ఇదే.

4. దాటడమా, చూడడమా?:
కోట చూడడానికి వెళ్లినవారు అదే దారిన తిరిగి వస్తారు. వంతెన స్వభావం వేరు. దాటడానికే దానిని కట్టారు. కొంత దూరం నడిచి వెనుదిరిగే విహారస్థలంగా మిగిలితే ఆకృతి నిలుస్తుంది గాని ధర్మం నిలవదు. కొవ్వూరు-రాజమహేంద్రవరం మధ్య ప్రజలు కాలినడకన రాకపోకలు సాగించే దారి అయితేనే అది వంతెనగా కొనసాగినట్లు.

నిజానికి ఈ వంతెనకు పాదచారులు కొత్త కాదు. పట్టాలను తనిఖీ చేసే కీమ్యాన్లు, గ్యాంగ్‌మెన్ విధి నిర్వహణలో నడిచే దారి ఇది. రైల్వే చరిత్రలో ఇంజనీర్ల, గవర్నర్ల పేర్లకు దక్కిన చోటు వీరికి దక్కలేదు.

5. ఉపసంహారం:
వంతెన పునరుద్ధరణలో ఉక్కు పటిష్ఠతతో పాటు రెండు ఒడ్డుల అనుసంధానం కూడా ప్రమాణం కావాలి. ఆ పనికి సమాంతరంగా విశ్రాంత రైల్వే కార్మికుల, రేవు కుటుంబాల మౌఖిక చరిత్రను సేకరించాలి. ఉక్కుకు రంగు మళ్లీ వేయవచ్చు. జ్ఞాపకాలను మాత్రం వాటిని చెప్పగలవారు ఉండగానే నమోదు చేయాలి.