అమ్మేసిన బండి, మారని పేరు

మన వాళ్ళలో చాలామంది ఇండియాలో ఒక బండిని వదిలి ఇక్కడికి వచ్చి ఉంటారు. ఇంజనీరింగు రోజుల్లో నాన్నగారిని బతిమాలి కొనిపించుకున్న పల్సరో, స్ప్లెండరో. వీసా వచ్చాక ప్రయాణం హడావిడిలో దాన్ని ఎవరికో అమ్మేసి, "పేరు మార్పించుకో అన్నా" అని ఒక మాట చెప్పి విమానం ఎక్కేస్తాం. ఆ అన్న మార్పించుకోడు. మనమూ మళ్ళీ అడగం. అడగకపోతే ఏమవుతుందో, ఇక్కడి నుంచి ఆ పేరు ఎలా మార్పించాలో నా అనుభవంతో చెబుతాను.

నేను 2009 ఆగస్టులో, బీటెక్ రెండో సంవత్సరంలో, పల్సర్ 150 కొన్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం కాబట్టి మలక్‌పేట రిజిస్ట్రేషను, ఏపీ 11 సిరీస్. 2013లో మాస్టర్స్‌కి వస్తూ, ప్రయాణానికి నాలుగు రోజుల ముందు, మా వీధి చివర మెకానిక్ ద్వారా 24 వేలకి అమ్మాను. ఆయన రెండు రకాల ఫారాలు తెచ్చాడు. ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను. కొనేవారి పేరు దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ. "అవన్నీ నేను నింపుకుంటాలే బాబూ" అన్నాడు. ఆర్సీ ఇచ్చేశాను. కనీసం దాని జిరాక్స్ కూడా ఉంచుకోలేదు!

ఎనిమిదేళ్ళు ఏ గొడవా లేదు. 2021 చివర్లో నాన్నగారు ఫోను చేసి "ఏరా, నీ బండి మీద పదిహేడు చలాన్లు ఉన్నాయట, ఎవరు నడుపుతున్నార్రా?" అన్నారు. షామ్‌బర్గ్‌లో కూర్చుని తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైటులో నా పాత నంబరు కొట్టి చూశాను. నిజమే. ఫోటోలతో సహా ఉన్నాయి. హెల్మెట్ లేని మనిషి, బండికి రెండువైపులా పాలక్యాన్లు. 2022 మార్చిలో ప్రభుత్వం పాత చలాన్ల మీద రాయితీ ఇచ్చి, ద్విచక్ర వాహనాలు నాలుగో వంతు కడితే చాలంది. కట్టేసి, పీడ వదిలింది అనుకున్నాను. తెలివితక్కువతనం. జ్వరానికి మాత్ర వేసుకున్నాను గానీ జ్వరం ఎందుకొచ్చిందో చూసుకోలేదు.

2023 వేసవిలో నాన్నగారికి పోలీస్ స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. ఒక కాలనీలో గొలుసు దొంగతనం జరిగితే, ఆ సమయానికి కెమెరాలో కనబడిన బళ్ళన్నిటి నంబర్లూ ఆరా తీస్తున్నారు. వాటిలో నాది ఒకటి. అరవై ఆరేళ్ళ మనిషి రెండు రోజులు వెళ్ళి బెంచీ మీద కూర్చుని, కొడుకు అమెరికాలో ఉన్నాడని నా పాస్‌పోర్టు కాపీ చూపించి వచ్చారు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారట. ఆ దొంగతనానికీ మన బండికీ సంబంధం లేదని కూడా తేలింది. కానీ ఆ రాత్రి నాన్నగారు ఫోనులో "ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేశాను, స్టేషన్ గడప ఎక్కలేదు రా" అన్నప్పుడు నాకు జవాబు తోచలేదు.

అసలు చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) ప్రకారం, ఎవరి పేరున బండి రిజిస్టరై ఉందో వారే "యజమాని". డబ్బు ఎవరిచ్చారు, తాళాలు ఎవరి దగ్గరున్నాయి అన్నది కాదు. సెక్షన్ 50 ప్రకారం అమ్మినవారు, అదే రాష్ట్రంలో అయితే, 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. కొన్నవారికి గడువు 30 రోజులు. ఇక్కడే మనం పొరబడతాం. పేరు మార్పించుకోవడం కొన్నవాడి పని మాత్రమే అనుకుంటాం. అమ్మినవాడికీ తన బాధ్యత ఉంది, పైగా అతని గడువే ముందు ముగుస్తుంది.

చలాన్లు, పోలీసు ఫోన్లు చిన్న విషయాలు. అసలు భయం ప్రమాదం జరిగితే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు మనలాంటి వాళ్ళందరూ తెలుసుకోవాలి. ఒకాయన 2007లో కారు అమ్మేశానన్నాడు. అది చేతులు మారుతూ పోయింది, పేరు మాత్రం మారలేదు. 2009లో ఆ కారు వల్ల ప్రమాదం జరిగి ఒకరు చనిపోయారు. ఇన్సూరెన్సు లేదు. పరిహారం ఎవరివ్వాలన్న ప్రశ్న చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రికార్డుల్లో ఎవరి పేరుంటే వారే ఇవ్వాలి, బాధితుడు ఒక కొనుగోలుదారు నుంచి ఇంకొకరి దగ్గరికి వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు అంది కోర్టు. బాధితుడి వైపు నుంచి చూస్తే న్యాయమైన మాటే. కానీ ఆ పేరు మనదైతే? హైదరాబాదులో నాన్నగారి ఇంటికి నోటీసు వస్తుంది. నా పాలక్యాన్ల బండికి ఆ సమయంలో ఇన్సూరెన్సు లేదని తెలిశాక నాకు రెండు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇక్కడి పద్ధతితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఇల్లినాయ్‌లో నేనొక పాత మోటార్‌సైకిల్ కొన్నప్పుడు అమ్మినాయన టైటిల్ వెనక సంతకం పెట్టి నా చేతికిచ్చాడు, నంబరు ప్లేటు ఊడదీసి తనతో తీసుకుపోయాడు. నేను సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి వెళ్ళి ఆర్‌యూటీ-50 ఫారం మీద 25 డాలర్ల పన్ను కట్టి పేరు మార్పించుకున్నాను. ఇక్కడ ప్లేటు మనిషిది. మన దగ్గర నంబరు బండిది, అది ఎక్కడికి పోతే మన పేరూ అక్కడికి పోతుంది. అమ్మినవాడు ఇక్కడ కూడా "అమ్మేశాను" అని ప్రభుత్వానికి తెలియజేయడానికి వేరే ఫారం ఉంది. నేను అమ్మేటప్పుడు అది మరవకుండా పంపాను. ఒకసారి కాలింది కదా!

ముందు మనిషి దొరకాలి

పేరు మార్చాలంటే ఎవరి పేరుకి? మెకానిక్ షాపు ఎప్పుడో ఎత్తేశాడు. చివరికి పట్టిచ్చింది ఆ చలాన్లే. ఫోటోల్లో చాలావరకు ఎల్బీనగర్ పరిసరాలే, సమయం తెల్లవారి ఆరున్నర ప్రాంతం. నాన్నగారి స్నేహితుడొకాయన అటువైపు వాకింగుకి వెళుతూ, నాలుగో రోజున మనిషిని పట్టుకున్నారు. పాలు పోసే ఆయన. బండిని మూడో చేతి మీద 2018లో కొన్నాడట. పాపం, ఆయన దగ్గర నేను 2013లో పెట్టిన సంతకాల ఫారాలు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉన్నాయి. ఆఫీసుకి వెళితే అమ్మినాయన రావాలి, లేదా ఆయన తరఫున అధికారం ఉన్నవారు రావాలి అన్నారట. అమెరికాలో ఉన్నవాడిని ఎక్కడ వెతకను అని ఊరుకున్నాడు. నేను ఆయన్ని ఎంత తిట్టుకున్నానో, ఆయనా నన్ను అంతే తిట్టుకుని ఉంటాడు.

ఆఫీసుకి కావలసినవి ఇవి. ఫారం 29 రెండు కాపీలు, ఇది అమ్మినట్టు తెలియజేసేది. ఫారం 30, ఇది పేరు మార్చమని చేసే దరఖాస్తు. అసలు ఆర్సీ, అమల్లో ఉన్న ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, కొన్నవారి చిరునామా రుజువు, పాన్ లేదా ఫారం 60. పెన్సిలుతో తీసిన ఛాసిస్ నంబరు ముద్ర కూడా అడుగుతారు. లోను మీద కొన్న బండైతే, లోను తీరినా ఆర్సీలో ఫైనాన్సు వారి పేరు అలాగే ఉండిపోయి ఉంటుంది. దానికి వారి సంతకంతో ఫారం 35 ముందు కావాలి. మోటార్‌సైకిలుకి కేంద్ర నిబంధనల్లో ఉన్న బదిలీ రుసుము 150 రూపాయలే. సర్వీసు ఛార్జీలు, కార్డు ఖర్చు వేరు. ఏజెంట్లు చెప్పే అంకె విన్నప్పుడు ఈ 150 గుర్తుంచుకోండి.

మనం వెళ్ళలేం కాబట్టి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. జనరల్ పవర్ వద్దు, ఈ ఒక్క పనికి స్పెషల్ పవర్ చాలు. అందులో బండి నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రాయాలి. ఫారం 29, 30 మీద సంతకం పెట్టడానికి, అధికారి ముందు హాజరు కావడానికి, రసీదులు తీసుకోవడానికి అధికారం ఇస్తున్నట్టు స్పష్టంగా ఉండాలి. నేను నాన్నగారి పేరున రాశాను. దీన్ని చెల్లుబాటు చేయించడానికి రెండు దారులు. ఒకటి, ఇల్లినాయ్ వాళ్ళకి షికాగోలోని భారత కాన్సులేటు ద్వారా ధ్రువీకరణ. దరఖాస్తులు ఇప్పుడు వీఎఫ్ఎస్ ద్వారా తీసుకుంటున్నారు. రెండోది, ఇక్కడి నోటరీ ముందు సంతకం చేసి, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఇండెక్స్ విభాగం నుంచి అపాస్టిల్ తెప్పించుకోవడం. దాని ఫీజు 2 డాలర్లు. అపాస్టిల్ ఒప్పందం 2005 నుంచి ఇండియాకీ వర్తిస్తుంది. అయినా మన ఊరి ఆఫీసుల్లో కాన్సులేటు ముద్ర చూస్తే ప్రశ్నలు తక్కువని నాకు చెప్పారు. అందుకే నేను మొదటి దారి పట్టాను.

చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. విదేశంలో రాసిన పవర్ ఇండియా చేరిన మూడు నెలల్లోగా అక్కడ స్టాంపు డ్యూటీ కట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర ముద్ర వేయించాలి. ఇది స్టాంపు చట్టం సెక్షన్ 18. మా నాన్నగారు కవరు మీద అందిన తేదీ కనబడేలా దాన్ని కూడా దాచారు. ఆయన పద్ధతి ఆయనది, ఈసారి పనికొచ్చింది.

ఇన్సూరెన్సు లేనిదే బదిలీ కాదు. ముందు నా పేరునే థర్డ్ పార్టీ పాలసీ తీసుకున్నాం. 150 సీసీ లోపు బండికి అసలు ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. పాలాయన అన్నేళ్ళూ కట్టనిది, నన్ను నిద్రపోనివ్వనిది ఆ 714 రూపాయలే. పేరు మారాక 14 రోజుల్లోగా కొన్నవారు ఇన్సూరెన్సు కంపెనీకి కూడా రాసుకోవాలి.

మేము తొందరపడడానికి ఇంకో కారణం ఉంది. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళే. నాది 2024 ఆగస్టుతో ముగుస్తుంది. అది దాటితే ముందు బండి చూపించి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి మోటార్‌సైకిలుకి ఆ రుసుము 300 నుంచి 1000 రూపాయలు చేశారు, గ్రీన్ టాక్సు వేరే. మీ బండి 2010కి ముందుదైతే ఇది ఇప్పటికే మీ నెత్తి మీద ఉంది.

కొన్నవారు వేరే రాష్ట్రం వారైతే కథ పొడుగవుతుంది. ఫారం 28తో ఎన్ఓసీ తీసుకోవాలి, అక్కడ మళ్ళీ పన్ను కట్టాలి. ఏపీ 11 లాంటి పాత నంబర్లు ఇప్పుడు తెలంగాణ రికార్డుల్లోనివే. కాబట్టి విజయవాడలో ఉన్న బావమరిదికి ఇచ్చినా అది వేరే రాష్ట్రం లెక్కే. బండి చనిపోయిన తండ్రి పేరునో అన్న పేరునో ఉంటే వారసులు 30 రోజుల్లోగా తెలియజేసి, ఫారం 31తో మార్పించుకోవాలి.

ఇప్పుడు అమ్మి రావాలనుకునే వారికి 2023 ఏప్రిల్ నుంచి ఒక సదుపాయం వచ్చింది. అనుమతి ఉన్న పాత బళ్ళ డీలరుకి అమ్మి ఫారం 29సీ ద్వారా తెలియజేస్తే, అప్పటి నుంచి ఆ డీలరునే యజమానిగా భావిస్తారు. ధర కొంచెం తక్కువ వస్తుంది. నన్నడిగితే, వీధి చివర ఇచ్చే రెండు వేలు ఎక్కువ కంటే అదే మేలు.

2024 ఫిబ్రవరిలో మా పని పూర్తయింది. స్లాటు బుక్ చేసుకుని నాన్నగారు, పాలాయన అదే బండి మీద కలిసి వెళ్ళారు, ఇద్దరూ హెల్మెట్ పెట్టుకుని. కొత్త ఆర్సీ వచ్చాక దాని కాపీ, ఫారం 29 రసీదు, పవర్ కాపీ మూడూ స్కాను చేయించి నా దగ్గర ఉంచుకున్నాను. ఆ తేదీ తర్వాత ఏ నోటీసు వచ్చినా చూపించడానికి అవే ఆధారం. ఈ-చలాన్ సైటులో మాత్రం అలవాటు కొద్దీ అప్పుడప్పుడు ఆ నంబరు కొట్టి చూస్తుంటాను. కొత్తవి ఒకటి రెండు పడ్డాయి. మా ఇంట్లో ఇప్పుడు పాలు ఆయనే పోస్తున్నాడు కాబట్టి నాన్నగారే ఆయనకి చెప్పి కట్టిస్తున్నారు.