యూరప్‌లో వసంతకాలపు అడవి ఆకుకూరలు

చలికాలం ముగిసి, తోటల్లో కొత్త కూరలు ఇంకా చేతికి రాని మార్చి, ఏప్రిల్, మే నెలల్లో పొలం గట్లమీద, వాగుల ఒడ్డున, అడవి అంచుల్లో వాటంతటవే మొలిచే లేత ఆకులను కోసుకొచ్చి వండుకోవడం, మందుగా వాడుకోవడం యూరప్‌లో శతాబ్దాల నాటి ఆచారం. నెటిల్, డాండిలయన్, అడవి వెల్లుల్లి, మన చుక్కకూరకు దగ్గరి బంధువైన సారెల్, సముద్రతీరాల్లో పెరిగే స్కర్వీ గడ్డి వీటిలో ముఖ్యమైనవి.

చలికాలపు తిండి

పూర్వం ఉత్తర, మధ్య యూరప్ పల్లెల్లో చలికాలమంతా నిల్వ సరుకే తిండి. ఉప్పు పట్టించిన మాంసం, ఎండు బఠానీలు, రొట్టె, జున్నుతో రోజులు గడిచేవి. పులియబెట్టిన క్యాబేజీ ఉన్న ఇళ్లు కొంత నయం. వసంతం వచ్చేసరికి గాదెలు అడుగంటేవి, ఒంట్లో సత్తువ తగ్గేది. సి విటమిన్‌ను మనిషి శరీరం తయారుచేసుకోలేదు. తిండిలో అది బొత్తిగా లేకపోతే ఒకటి నుంచి మూడు నెలల్లో చిగుళ్లు వాచి రక్తం కారడం, పాత గాయాలు తిరగబెట్టడం వంటి స్కర్వీ లక్షణాలు బయటపడతాయి. మంచు కరగగానే తలెత్తే ఆకుల్లో ఆ విటమిన్ ఉంది. ఆ సంగతి ఎవరికీ తెలియని కాలంలోనూ వాటిని తింటే ఒళ్లు తేలికపడుతుందని ఇంటింటా తెలుసు.

జర్మనీలో ఈస్టర్ ముందటి గురువారం పచ్చని ఆకులు తినే ఆనవాయితీ ఇప్పటికీ ఉంది. ఏడు రకాల ఆకులతో చేసే ఫ్రాంక్‌ఫర్ట్ పచ్చ సాస్‌కు 2016లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో బిస్టార్ట్ ఆకు, నెటిల్ చివుళ్లు, ఉల్లిపాయ, ఓట్స్ కలిపి మెత్తగా ఉడికించి, ఆ ముద్దను పంది కొవ్వులో వేయించి తింటారు. దాన్ని డాక్ పుడ్డింగ్ అంటారు. మైథమ్‌రాయిడ్ గ్రామంలో 1971లో దీని వంట పోటీలు మొదలయ్యాయి.

వీటన్నిటిలో నెటిల్‌ది పెద్దపీట. దాని ఆకు నిండా గాజు సూదుల్లాంటి నూగు ఉంటుంది. తాకగానే కొన విరిగి, హిస్టమిన్ వంటి రసాయనాలు చర్మంలోకి దిగి మండిస్తాయి. అందుకే చేతికి తొడుగు వేసుకుని, కొసన ఉన్న నాలుగైదు లేత ఆకులనే తుంచుతారు. మరిగే నీళ్లలో వేయగానే నూగు మెత్తబడి మంట పోతుంది. పూత పట్టాక మాత్రం ఆకు ముదిరి ఇసుకలా పంటికి తగులుతుంది కాబట్టి అప్పుడు ముట్టుకోరు. లండన్ ఉద్యోగి శామ్యూల్ పెపీస్ 1661 ఫిబ్రవరిలో నెటిల్ జావ తిన్నానని, బాగుందని తన డైరీలో రాసుకున్నాడు.

వైద్య గ్రంథాల్లో

క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కొరిడీస్ దాదాపు 600 మొక్కలను వివరించిన గ్రంథంలో నెటిల్‌కూ చోటిచ్చాడు. ఇంగ్లండులో దొరికిన లాక్నుంగా అనే వెయ్యేళ్ల నాటి వైద్య ప్రతిలో తొమ్మిది మూలికల మంత్రం ఉంది. చలికాలంలో ఒంట్లో కఫం పేరుకుంటుందని, వసంతపు ఆకులు దాన్ని కరిగించి రక్తాన్ని శుభ్రం చేస్తాయని నాటి వైద్యుల నమ్మకం. 1652లో నికొలస్ కల్పెపర్ తన మూలికా గ్రంథాన్ని లాటిన్‌లో కాక ఇంగ్లిషులో వెలువరించాడు. దాంతో మందుల దుకాణానికి వెళ్లే స్తోమత లేనివారు కూడా తమ గట్టుమీది మొక్కనే మందుగా వాడుకోగలిగారు.

స్కర్వీ నేర్పిన పాఠం

18వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో హంగరీలో ఆస్ట్రియా సైన్యాన్ని స్కర్వీ పట్టుకుంది. సైనిక వైద్యుడు క్రామర్ సాయం అడిగితే వియన్నా వైద్యులు ఎండబెట్టిన మూలికలను బస్తాలకొద్దీ పంపారు. గుణం కనిపించలేదు. ఎండబెట్టి నిల్వ చేసేసరికే వాటిలోని సి విటమిన్ చాలావరకు నశించిందని ఇప్పుడు మనకు తెలుసు. 1734లో యోహాన్ బాఖ్‌స్ట్రోమ్ అనే వైద్యుడు తాజా ఆకుకూరలు లేకపోవడమే ఈ జబ్బుకు మూలమని తేల్చి చెప్పాడు. అతను ఒక నావికుడి ఉదంతం రాశాడు. స్కర్వీ ముదిరిన ఆ నావికుణ్ని తోటివారు గ్రీన్‌లాండ్ తీరాన వదిలేశారు. నిలబడే ఓపిక లేక, నేలమీద పాకుతూ అక్కడి స్కర్వీ గడ్డిని నోటితోనే కొరుక్కు తిన్న ఆ మనిషి కోలుకుని ఇంటికి చేరాడు.

1747లో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్ ఓడమీద 12 మంది రోగులపై చేసిన పరీక్షలో నారింజ, నిమ్మ జాతి పండ్లు గెలిచాయి. ఆ తర్వాత ఓడల్లో నిమ్మరసం స్థిరపడి, స్కర్వీ గడ్డి వెనకబడింది. సి విటమిన్‌పై పరిశోధనకు ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీకి 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆకుకూరల్లో ఉండే మరో పోషకం ఫోలిక్ ఆమ్లాన్ని 1941లో అమెరికా శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరనుంచి వేరుచేశారు. కొన్నేళ్లకు దాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ మందుల సంస్థ బృందానికి నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ముట్టడిలో లెనిన్‌గ్రాడ్

1942 వసంతంలో ఈ పాత విద్య ఒక మహానగరానికి ప్రాణాధారమైంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం చుట్టుముట్టిన రష్యా నగరం లెనిన్‌గ్రాడ్‌లో ఆ చలికాలం లక్షల మంది ఆకలితో చనిపోయారు. మంచు కరగగానే బతికినవారు పార్కుల్లో, కాలువ గట్ల మీద నెటిల్, డాండిలయన్, చక్రవర్తికూర కుటుంబపు ఆకులు ఏరుకున్నారు. ఏది తినొచ్చో, ఏది విషమో, ఎలా వండాలో చెబుతూ నగరంలోని వృక్షశాస్త్రజ్ఞులు పుస్తకాలు వేశారు. తామూ పస్తులుంటూనే ఆ పని చేశారు.

నేటి వాడకం

రిచర్డ్ మేబీ 1972లో ప్రచురించిన ‘ఫుడ్ ఫర్ ఫ్రీ’ బ్రిటన్‌లో ఈ అలవాటును తిరిగి జనంలోకి తెచ్చింది. మూలికా మందుల విషయంలో యూరోపియన్ యూనియన్ 2004లో ప్రత్యేక నిబంధన తెచ్చింది. కనీసం 30 ఏళ్లుగా, అందులో 15 ఏళ్లు యూనియన్ దేశాల్లో వాడుకలో ఉంటేనే సంప్రదాయ ఔషధంగా నమోదుకు అర్హత లభిస్తుంది. నెటిల్‌లో కె విటమిన్ ఎక్కువ కాబట్టి రక్తం పలుచబడే మందులు వాడేవారు, సారెల్‌లో ఆక్సాలిక్ ఆమ్లం ఉంది కాబట్టి మూత్రపిండాల్లో రాళ్లున్నవారు జాగ్రత్తపడాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పోలిక తప్పడం. అడవి వెల్లుల్లి అనుకుని విషపూరితమైన లోయ లిల్లీ, కోల్చికమ్ ఆకులు తిని మధ్య యూరప్‌లో మనుషులు చనిపోయిన ఘటనలున్నాయి. నలిపి వాసన చూస్తే చాలనుకోవడం పొరపాటు, ఎందుకంటే నాలుగు ఆకులు కోసేసరికి చేతులే వెల్లుల్లి వాసన కొడతాయి. అడవి వెల్లుల్లి ఆకు ఒక్కొక్కటీ సొంత కాడతో నేలలోంచి వస్తుంది. లోయ లిల్లీకి మాత్రం ఒకే కాడకు సాధారణంగా రెండు ఆకులుంటాయి. అనుభవజ్ఞులు గుప్పెడు గుప్పెడుగా దూయకుండా ఒక్కో ఆకునూ కాడ మొదలు చూసి కోయమని చెప్పేది అందుకే.