సమావేశ మందిరంలో ప్రతిధ్వని, రొద
2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కలెక్టరేట్లలో సోమవారం ప్రజల అర్జీలు వినే ప్రజావాణి జరుగుతుంది. అర్జీదారు మాట ప్రతి అక్షరమూ వినబడాలి. టైల్స్ నేల, అద్దాల కిటికీలు, నున్నటి గోడలున్న హాలులో మాట ఆగినా శబ్దం తిరుగుతూనే ఉంటుంది. 1890లలో హార్వర్డ్‌లో భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబీన్ తేల్చింది ఇదే: ఈ అనురణనం గది పరిమాణంతో పెరుగుతుంది, శోషణతో తగ్గుతుంది. కాబట్టి ఖరీదైన యంత్రాలకన్నా ముందు మందపాటి తెరలు, కార్పెట్, రంధ్రాల పైకప్పు కావాలి.

నోటికి మైకు దూరం సగమైతే మైకులో గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఫ్యాను రొద మాత్రం దాదాపు మారదు. మాట్లాడేవారి మైకు మీద ఎర్రదీపం వెలిగితే తక్కినవి ఆరాలి. తెరిచిన మైకులు రెట్టింపైతే కూత పెట్టకుండా పెంచగల శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. వీడియో కాన్ఫరెన్స్‌లో ఎకో క్యాన్సలర్, స్పీకర్ నుంచి మైకులోకి చేరిన అవతలివారి గొంతును లెక్కగట్టి తీసేస్తుంది.