అప్‌డేట్ చేస్తే ఒక తంటా, చెయ్యకపోతే ఇంకో తంటా

2024 జులై 19, శుక్రవారం. మా వరంగల్ వాళ్లు విమానం ఎక్కాలంటే అప్పటికి శంషాబాదే దిక్కు. (మామునూరులో నిజాం కాలం నాటి రన్‌వే ఉందని గొప్పలు చెప్పుకోవడమే గానీ, ఎక్కడానికి విమానం లేదు.) ఆ రోజు శంషాబాద్‌లో ఇండిగో వాళ్లు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్లే ఒకాయన తన పాసు ఫొటో నెట్‌లో పెడితే దేశమంతా చూసి నవ్వుకుంది. మన బస్సు కండక్టర్లే నయం, చేతిలో టికెట్ మిషనన్నా ఉంటుంది అని నేనూ నవ్వాను. నవ్వడం అయ్యాక ఆలోచిస్తే మాత్రం గుండె గుభేల్మంది. ఎందుకంటే మనలో చాలామంది చేసే పనే అది. మనమూ రోజూ ఏదో ఒకటి ప్రొడక్షన్లోకి తోస్తూనే ఉంటాం కదా.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఆ రోజు అందరూ తిట్టింది మైక్రోసాఫ్ట్‌ని. మన హైదరాబాదీ సత్య నాదెళ్ల గారు కూడా వచ్చి వివరణ ఇచ్చుకోవాల్సొచ్చింది. కానీ అది విండోస్ అప్‌డేట్ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన చిన్న కంటెంట్ ఫైలు, 291 నంబరు ఛానల్ ఫైలు. దాన్ని చదివే కోడు 20 విలువలే అందిస్తుంటే, కొత్త ఫైలు 21వ దాన్ని అడిగింది. లేని గడిలో చెయ్యి పెట్టింది. మామూలు ప్రోగ్రామ్ అయితే అదొక్కటే చచ్చేది. ఇది కెర్నెల్లో కూర్చున్న డ్రైవరాయె, తను పోతూ పోతూ విండోస్‌ని కూడా వెంట తీసుకుపోయింది. అంతకు ముందు పరీక్షల్లో ఆ 21వ గడిలో 'ఏదైనా సరే' అనే గుర్తే ఉండేది కాబట్టి తప్పు బయటపడలేదు. సీ, సీ ప్లస్ ప్లస్ రాసినవాళ్లకి ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఫైలు బయటికెళ్లింది మన టైం ప్రకారం ఉదయం 9:39కి. వెనక్కి తీసుకున్నది 10:57కి. మొత్తం 78 నిమిషాలు. అమెరికాలో అది అర్ధరాత్రి. మనకేమో అందరూ బ్యాగు దించి లాగిన్ అయ్యే టైము. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దెబ్బతిన్న మిషన్లు 85 లక్షలు. ప్రపంచంలో ఉన్న విండోస్ మిషన్లలో ఒక శాతం కూడా కాదు. ఆ ఒక శాతంలోనే విమానాలూ, ఆసుపత్రులూ, బ్యాంకులూ ఉన్నాయి మరి.

సరే, ఇది మొదటిసారా అంటే కానే కాదు. కొంచెం వెనక్కెళ్దాం.

2003 ఆగస్టులో బ్లాస్టర్ వర్మ్ వచ్చింది. అప్పట్లో హన్మకొండ నెట్ సెంటర్లలో కూర్చున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మెయిల్ టైపు చేస్తుండగానే 60 సెకన్ల కౌంట్‌డౌన్ పెట్టె వచ్చేది, తర్వాత మిషన్ రీస్టార్ట్. దానికి ప్యాచ్ జులైలోనే వచ్చేసింది. వేసుకున్నవాడేడీ? సగం మిషన్లలో ఎక్స్‌పీ కాపీ కొట్టిందే, అప్‌డేట్ నొక్కితే ఎక్కడ దొరికిపోతామో అని భయం. అదే ఏడాది అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ నెలకోసారి, రెండో మంగళవారం, ప్యాచ్‌లు ఇవ్వడం మొదలెట్టింది. అడ్మిన్లకి కాస్త ఊపిరాడింది.

2010 ఫిబ్రవరిలో ఇంకో విచిత్రం. ఒక ప్యాచ్ వేసుకున్న ఎక్స్‌పీ మిషన్లు కొన్ని నీలం తెర చూపించి లేవనన్నాయి. అందరూ ప్యాచ్‌ని తిట్టారు. తీరా చూస్తే ఆ మిషన్లలో ముందే అల్యూరియాన్ అనే రూట్‌కిట్ దాక్కుని ఉంది. ప్యాచ్‌తో కెర్నెల్లో అడ్రసులు మారేసరికి, పాత అడ్రసులు నమ్ముకున్న దొంగ బోర్లా పడ్డాడు. ఇల్లు కూడా వాడితోపాటే కూలింది.

అదే ఏడాది ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేట్ ఒకటి, ఎక్స్‌పీకి ప్రాణంలాంటి ఎస్‌వీసీహోస్ట్ ఫైలునే వైరస్ అనుకుని పట్టేసుకుంది. ఎన్నో ఆఫీసులు ఆగిపోయాయి. అప్పుడు మెకాఫీ సీటీవో జార్జ్ కర్ట్జ్. 2024లో క్రౌడ్‌స్ట్రైక్ సీఈవో? ఆయనే! దీన్ని కర్మ అనాలో, వృత్తిధర్మం అనాలో మీ ఇష్టం :-)

ఇదంతా చదివి "అందుకే నేను అప్‌డేట్లు ఆపేస్తా" అనేవాళ్లు మన ఆఫీసుల్లో బోలెడుమంది. ఆగండాగండి. 2017 మార్చి 14న విండోస్‌లోని ఒక రంధ్రానికి ప్యాచ్ వచ్చింది. వెయ్యని మిషన్లని వెతుక్కుంటూ మే 12న వాన్నక్రై వచ్చింది. ఇంగ్లండ్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని జిల్లాల కంప్యూటర్లు కూడా దానికి బలైపోయాయి. ఆ ప్యాచ్‌కి రెండు నెలల టైముంది. ఎవరూ పట్టించుకోలేదంతే.

మరుసటి ఏడాది వంతు మన భాషది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లని పడగొట్టింది. జ్ఞ కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని యూనికోడ్ గుర్తు ఒకటి ఇరుక్కుంటే చాలు, మెసేజ్ తెరిచిన యాప్ కుప్పకూలేది. తప్పు యాపిల్ వాడి అక్షరాలు పేర్చే కోడుది, పేరు మాత్రం తెలుగుది! ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ వచ్చాకే అది పోయింది. అప్‌డేట్ వద్దన్నవాడి ఫోన్‌కి మందేదీ?

ఏతావాతా చెప్పొచ్చేదేంటంటే, అసలు ప్రశ్న అప్‌డేట్ వెయ్యాలా వద్దా అన్నది కాదు. ఎంత వేగంగా, ఎంతమందికి ఒకేసారి అన్నది. దీనికి జవాబు మా ఊరి చుట్టుపక్కలే ఉంది. కాకతీయుల కాలంలో పాఖాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్ద చెరువులే కాదు, ఒకదాని కింద ఒకటిగా గొలుసుకట్టు చెరువులు కూడా తవ్వించారు. పై చెరువు నిండితే మత్తడి దూకి నీళ్లు కింది చెరువుకి పోతాయి. పొలానికి కావలసినంత తూము నుంచి వదులుతారు. కానీ పై చెరువు కట్ట తెగిందనుకోండి, ఆ నీళ్లన్నీ ఒక్కసారే కింది చెరువు మీద పడతాయి, దాని కట్టా తెగుతుంది. నీళ్లు అవే. తూము నుంచి వస్తే పంట, గండి నుంచి వస్తే వరద.

జులై 19న పడింది గండే. ఆ కంపెనీ తన సాఫ్ట్‌వేర్ వెర్షన్లని విడతలవారీగా ఇచ్చేది, కస్టమర్ కావాలంటే ఒక వెర్షన్ వెనకే ఉండొచ్చు. ఆ కంటెంట్ ఫైళ్లకి మాత్రం తూము లేదు, "డేటానే కదా, కోడు కాదు కదా" అని. తర్వాత వాళ్లూ విడతల పద్ధతి పెట్టారు. 2024 నవంబరులో మైక్రోసాఫ్ట్ కూడా యాంటీవైరస్‌లని కెర్నెల్ బయటికి తెచ్చే పని, లేవని మిషన్‌ని దూరం నుంచే బాగుచేసే పని మొదలెడుతున్నట్టు ప్రకటించింది.

అన్నట్టు, ఆ 85 లక్షల మిషన్లని లేపిందెవరు? ఫైలు వెనక్కి తీసుకోవడానికి 78 నిమిషాలు పట్టింది. చాలా మిషన్ల దగ్గరికి మాత్రం మనిషే వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, 48 అంకెల బిట్‌లాకర్ కీ కొట్టి, ఆ ఒక్క ఫైలూ తీసెయ్యాల్సొచ్చింది. శని, ఆదివారాలు ఇంటికెళ్లని సపోర్టు కుర్రాళ్ల పని అది. వాళ్ల పేర్లు ఏ రిపోర్టులోనూ ఉండవు.

మీరు ఈసారి "కాన్ఫిగ్ మార్పే కదా, టెస్టింగ్ ఎందుకు" అని అప్రూవ్ బటన్ మీద చెయ్యి పెట్టినప్పుడు, ఎక్కడో ఆ 48 అంకెలు కొడుతూ కూర్చునే కుర్రాణ్ణి ఒక్కసారి తల్చుకోండి. ముందు పది మిషన్లకి పంపండి. ఒక పూట ఆగి చూడండి. ఆ తర్వాతే మిగతావాటికి తూము తియ్యండి.